పెంకితనం కాదు, గోధుమ పిండి!

ఈవేళ నేను మాట్లాడబోయేది పసిపిల్లలకు దొడ్డికి వెళ్లడం నేర్పే విషయం. రేడియోలో ఇదేం మాటండీ అని మొహం చిట్లించుకోకండి. ఇంట్లో రెండేళ్ల పిల్లాడున్న తల్లికి పొద్దున లేస్తే ఇదే కదా పని! అందులోనూ ఆ పిల్లాడికి గోధుమ పడని జబ్బు ఉంటే ఆ తల్లి పాట్లు పగవాళ్లకు కూడా వద్దు.

మాది మదనపల్లె దగ్గర రామసముద్రం. ఇప్పుడు హైదరాబాదులో కొడుకూ కోడలి దగ్గర ఉంటున్నాను. మా ఊళ్లో ఈ పనిని ఎవరూ ప్రత్యేకంగా 'నేర్పింది' లేదు. తల్లి పీటమీద కూచుని కాళ్లు చాపుకుని, పాదాలు రెండూ దగ్గరగా పెట్టి, వాటిమీద బిడ్డను కూచోబెట్టి "ష్ష్... ష్ష్" అనేది. ఆ చప్పుడుకే బిడ్డ అలవాటు పడేది. నా పిల్లలు ముగ్గురూ అలా పెరిగినవాళ్లే. అంచేత మనవడికి రెండున్నరేళ్లు వచ్చినా డైపరు వదలకపోతే, తప్పంతా మా కోడలి గారాబందే అనుకున్నాను. అనుకోవడమేమిటి, అన్నాను కూడా.

వాడు రోజుకు నాలుగైదుసార్లు వెళ్లేవాడు. పల్చగా, పాలిపోయిన రంగులో, ఇల్లంతా వాసన. పాటీమీద కూచోబెడితే ఏడుపు. దించిన మరుక్షణం నేలమీద. పొట్ట కుండలా ఉండేది, చేతులు పుల్లల్లా ఉండేవి. "పళ్లొస్తున్నాయి", "వేడి చేసింది", "దిష్టి తగిలింది" అని ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పారు. దిష్టి నేనే తీశాను. ఒకనాడు చుట్టాలు వచ్చి కూచున్న వేళ హాల్లో తివాచీ పాడుచేశాడు. నాకు తలకొట్టేసినట్లయి, వాడి వీపుమీద ఒక్కటిచ్చాను. ఆ తర్వాత వాడు పరదా వెనక దాక్కుని వెళ్లడం మొదలుపెట్టాడు. చూశారా, దెబ్బ ఏం నేర్పిందో! ఆపుకోవడం ఆ పసివాడి చేతిలో లేదు. దాక్కోవడం మాత్రం చేతనయింది.

పిల్లల డాక్టరుగారు బరువు చూసి రక్తపరీక్ష రాశారు. ఈలోగా పక్కింటావిడ మాట విని మేము చపాతీ మానిపించేశాం. ఆ సంగతి తెలిసి డాక్టరుగారు మందలించారు. "పరీక్షలు పూర్తయ్యేదాకా ఎప్పటిలాగే పెట్టండమ్మా. ముందే మానిపిస్తే జబ్బు ఉండి కూడా పరీక్షలో బయటపడకపోవచ్చు" అన్నారు. ఇది ప్రతి ఇల్లాలూ గుర్తుపెట్టుకోవలసిన మాట. రక్తపరీక్ష తర్వాత గొట్టం వేసి చిన్నపేగునుంచి చిన్న ముక్క తీసి చూశారు. సీలియాక్ జబ్బు అని తేలింది.

నాకు అర్థమైనంతవరకు చెబుతాను. మన చిన్నపేగు లోపల మఖమల్ గుడ్డమీది నూగులాంటిది ఉంటుందిట. తిన్న అన్నంలోని సారాన్ని పీల్చేది అదే. గోధుమలోనూ బార్లీలోనూ గ్లూటెన్ అనే పదార్థం ఉంది. చపాతీ పిండికి సాగే గుణం ఇచ్చేది అదే. ఈ జబ్బున్నవాళ్లు అది తింటే, ఒంట్లోని రక్షణశక్తి శత్రువు మీదికి వెళ్లినట్లు వెళ్లి ఆ నూగును తినేస్తుంది. ఇంక ఎంత పెట్టినా ఒంటబట్టదు. కొందరు పిల్లలకు విరేచనాలకు బదులు మలబద్ధకం వస్తుంది. గట్టిపడి నొప్పి పుడితే పిల్లాడు భయపడి బిగబట్టుకుంటాడు. ఆ గట్టిదాని పక్కనుంచి కొద్దికొద్దిగా కారి నిక్కరు పాడవుతుంది. దాన్నీ మనం పెంకితనమనే అంటాం.

గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని పట్టుకున్నది హాలెండు పిల్లల డాక్టరు విల్లెం డికె. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో అక్కడ రొట్టె దొరక్క జనం అల్లాడిపోతుంటే, ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే జబ్బూ తిరిగొచ్చింది. ఆయనకు ముందునుంచీ ఉన్న అనుమానం దాంతో బలపడింది. 1950లో సిద్ధాంత గ్రంథం రాశాడు.

"ఇది ఉత్తరాదివాళ్ల జబ్బు, మనకెక్కడిది?" అన్నారు మావారు. ఆ మాటలో సగం నిజం ఉంది. 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో, పెద్దవాళ్లను పరీక్షిస్తే ఉత్తరాదిన నూటికి ఒకరికి పైగా ఈ జబ్బు కనిపించింది. దక్షిణాదిన వెయ్యికి ఒకరు. దక్షిణాదికి చూసింది ఎక్కడో కాదు, మా చిత్తూరు సీమ పక్కనున్న వేలూరు ప్రాంతమే. జబ్బుకు లోనయ్యే జన్యువులు మాత్రం రెండుచోట్లా ఇంచుమించు ఒకే లెక్కలో ఉన్నాయి. మరి తేడా ఎక్కడ? అక్కడ మనిషి రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుంటే ఇక్కడ 25 గ్రాములు. మా అత్తగారి కాలంలో రామసముద్రంలో గోధుమ పండగపూట ఓళిగలకే. రోజూ సంగటే కదా! ఈవేళ మన ఇళ్లల్లో పొద్దున బ్రెడ్డు, సాయంత్రం బిస్కెట్టు, రాత్రి చపాతీ. పసివాడి చెయ్యి ఖాళీగా ఉంటే రస్కు ముక్క. అంచేత మనకెక్కడిదని ధీమాగా ఉండడానికి లేదండీ.

గోధుమ మానిపించగానే పాటీ ముందుకు తెచ్చాను. మళ్లీ తొందరే! డాక్టరుగారు ఆపారు. ముందు పేగు కుదుటపడాలి, మలం గట్టిపడి వేళకు రావాలి, పాటీమాట తర్వాత అన్నారు. కొన్ని వారాలు పాటీ పేరెత్తలేదు. కోడలు ఒక నోటుపుస్తకం పెట్టి ఏ పూట ఏం తిన్నాడు, ఎన్నిసార్లు వెళ్లాడు, ఎలా ఉంది అన్నది రాసింది. చదువుకున్న పిల్ల గనక నీటుగా గడులు గీసింది. నాకు నవ్వొచ్చింది గానీ, తర్వాత మమ్మల్ని కాపాడింది ఆ పుస్తకమే.

విరేచనాలు తగ్గి ఓ పక్షం రోజులు నిలకడగా ఉన్నాక మొదలుపెట్టాం. పొద్దున రాగిజావ తాగిన ఓ పావుగంటకు కూచోబెట్టేవాళ్లం. కడుపులో ఏదైనా పడగానే పేగు కదులుతుంది కాబట్టి అదే మంచి వేళ. అయిదు నిమిషాలు, అంతకుమించి లేదు. పెద్దవాళ్ల కమోడు మీద పిల్లల కాళ్లు గాలిలో వేలాడతాయి. కాళ్లకు ఆనిక లేకపోతే వాళ్లు ముక్కలేరు. కాళ్లకింద పీట వెయ్యండి, మోకాళ్లు కాస్త పైకి లేవాలి. మా ఊళ్లో తల్లి పాదాలమీద కూచోబెట్టడంలో ఉన్న కిటుకు ఇదే కాబోలు. అయినప్పుడు ఒక మెచ్చుకోలు, కానప్పుడు ఒక్క మాటా లేదు. బహుమతి అని బిస్కెట్టు మాత్రం చేతిలో పెట్టకండి తల్లులూ! అది మొదటికే మోసం.

మూడు వారాలు చక్కగా జరిగింది. వాడే వచ్చి "అవ్వా, ఆయి" అనేవాడు. ఉన్నట్టుండి ఒక మంగళవారం నుంచి మళ్లీ అన్నీ నేలమీదే. "మళ్లీ మొదలెట్టావురా" అనబోయాను. కోడలు పుస్తకం తెరిచింది. సోమవారం రాత్రి మా ఇద్దరికీ చపాతీలు చేశాను. పక్కన కూచుని మారాం చేస్తుంటే ఆడుకోవడానికి చిన్న పిండి ముద్ద ఇచ్చాను. మన అమ్మలు మనకిచ్చినట్టే. తినమని ఇవ్వలేదు. కానీ ఆ చేతులు ఎక్కడికి వెళతాయి? నోట్లోకే గదా!

ఆ రోజునుంచి వంటింట్లో సోదా మొదలయింది. ఇంగువ డబ్బా తిప్పి చదివితే, అందులో మైదా! మనం కొనే ఇంగువ పొడుల్లో చాలావాటిలో గోధుమ పిండి కలుస్తుంది. అంటే వాడికి పథ్యంగా పెడుతున్న రసంలోనే నేను రోజూ గోధుమ వేస్తున్నాను. పాలలో కలిపే బలం పొడుల్లో మాల్ట్ అంటే చాలామటుకు బార్లీదే. రాగి మాల్ట్ వేరు, ఒట్టి రాగిదైతే ఫరవాలేదు. ఉచ్చ మండుతోందని తాగించే బార్లీ నీళ్లూ పనికిరావు. రాగి సేమియాలో రాగి ఎంతో, మైదా ఎంతో అట్టమీద చూసి కొనండి. గ్లూటెన్ లేదని అట్టమీద వెయ్యాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదని మన దేశంలో నిబంధన ఉంది. ఆ ముద్ర ఉన్నవి చూసుకోండి.

మొన్న వేసవిలో వాణ్ణి రామసముద్రం తీసుకెళ్లాం. సంగటి, ఊరుబిండి, చెనిక్కాయలు, అన్నీ వాడికి సరిపోయేవే అని నిశ్చింతగా ఉన్నాను. మర దగ్గరికి వెళ్లి చూస్తే మా రాగులకు ముందు ఎవరివో గోధుమలు ఆడుతున్నాయి! ఆ రాళ్లలో మిగిలిన పిండి ఎవరి సంచిలోకి వెళ్లాలి మరి? రాగులు తిరిగి ఇంటికి తెచ్చేశాను. అటకమీది మా అత్తగారి విసుర్రాయి దింపి, కడిగి ఎండబెట్టి విసురుకున్నాం. రెండు రోజులు భుజాలు పట్టేశాయి, అది వేరే సంగతి. పట్నంలో మిక్సీ ఉంది, ఇంట్లోనే శుభ్రం చేసుకుని పట్టుకోవచ్చు.

ఈ జబ్బు ఒకరికి ఉంటే తోబుట్టువులకూ తల్లిదండ్రులకూ ఉండే అవకాశం ఎక్కువ. వాళ్లకు ఏ ఇబ్బందీ లేకపోయినా పరీక్ష చేయించాలి. మా కోడలికి ఎన్నేళ్లుగానో రక్తం తక్కువ. ఎన్ని మాత్రలు మింగినా పెరిగేది కాదు. ఒళ్లు పట్టించుకోదని ఆ విషయంలోనూ నేను సణిగినదాన్నే. ఆమెకూ అదేనని తేలింది. ఇప్పుడు మా ఇంట్లో చపాతీ పెనం లేదు.

పథ్యం జీవితాంతం. వాడికి మూడేళ్లు నిండాయి, బడిలో వేశాం. సంచిలో రెండు జతల బట్టలు పెడతాం. టీచరమ్మకు ఒక చీటీ రాసిచ్చాం. పుట్టినరోజుల కేకు పెట్టవద్దనీ, రంగురంగుల ఆట పిండిముద్దలో కూడా గోధుమ ఉండొచ్చు కాబట్టి ఇవ్వవద్దనీ. ఎప్పుడైనా నిక్కరు పాడైతే కోప్పడకుండా, ఆవేళ వాడేం తిన్నాడో మాకు కబురు చెయ్యమని కింద నేనే నా చేత్తో రాశాను.