గద్ద పునర్జన్మ కథ, అసలు గద్ద బతుకు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)

 

ఇలాంటి సభల్లో తరచుగా వినిపించే కథ ఒకటి ఉంది. గద్ద 70 ఏళ్ళు బతుకుతుందట. 40వ ఏట ముక్కు వంగిపోయి, గోళ్ళు మొద్దుబారి, రెక్కలు బరువెక్కుతాయట. అప్పుడది కొండెక్కి, ముక్కును బండకేసి కొట్టి ఊడగొట్టుకుంటుందట. కొత్త ముక్కు వచ్చాక దానితో గోళ్ళూ ఈకలూ పీకేసుకుని, 150 రోజుల తరువాత కొత్త పక్షిలా ఎగిరిపోతుందట. ఫోన్లలో ఈ కథ పక్కన ఒక తెల్లతల గద్ద బొమ్మ కూడా వస్తుంది. అది అమెరికాలో ఉండే బాల్డ్ ఈగిల్.

చెప్పేవారి ఉద్దేశం మంచిదే. కానీ కథ నిజం కాదు. బ్యాంకు కౌంటరులో కూర్చున్నవాణ్ణి కనుక, అంకె కనబడితే సరిచూడకుండా వదలలేను. అడవిలో బతికిన బాల్డ్ ఈగిల్స్‌లో, కాలికి వేసిన రింగు ఆధారంగా తెలిసిన అత్యధిక వయసు 38 ఏళ్ళు. అంటే కథలో పునర్జన్మ మొదలయ్యే వయసుకు ఆ పక్షి కూడా చేరలేదు. ఇక ముక్కు మన గోళ్ళ వంటి పదార్థంతోనే పెరుగుతూ, అరుగుతూ ఉంటుంది. అది విరిగితే మాంసం చీల్చుకోలేక పక్షి ఆకలితో చస్తుంది. ఈకలు కొన్ని కొన్నిగా రాలి మళ్ళీ వస్తాయి, ఎగరడం ఆగకుండా.

పరీక్ష తప్పిన కుర్రవాడికి ఈ కథ చెప్పి, "నువ్వూ అలా నిన్ను నువ్వు విరగ్గొట్టుకోవాలి" అన్న తండ్రిని చూశాను. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇప్పుడు అసలు పక్షి సంగతి. పేరులో బట్టతల ఉన్నా దాని తల బట్టతల కాదు. 'బాల్డ్' అనే మాటకు పాత ఇంగ్లీషులో తెల్లని మచ్చ గలది అనే అర్థం ఉండేది. ఆ తెలుపు కూడా పుట్టుకతో రాదు. పిల్ల 10, 12 వారాలకు గూడు వదిలి ఎగురుతుంది కానీ ఒళ్ళంతా ముదురు గోధుమ రంగే. తలా తోకా తెల్లబడి, ముక్కు పసుపుపచ్చగా మారడానికి సుమారు అయిదేళ్ళు పడుతుంది. ఈలోగా చేపలు పట్టడం సరిగా రాక, చచ్చిన జంతువులను తిని కడుపు నింపుకుంటుంది. పెద్దయ్యాక కూడా వేరే పక్షి పట్టిన చేపను లాక్కోవడానికి వెనుకాడదు. అందుకే బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లో కూతురికి రాసిన ఉత్తరంలో దాని నడవడిక మంచిది కాదని నిందించాడు. అప్పటికి రెండేళ్ళ క్రితమే అది ఆ దేశపు రాజముద్ర మీదకు ఎక్కింది. చట్టప్రకారం జాతీయ పక్షి అయింది మాత్రం 2024 డిసెంబరులోనే!

ఆడపక్షి మగదానికంటే పెద్దది. ఒకే గూటికి ఏటా పుల్లలు చేరుస్తూ పోతాయి. 1963లో ఫ్లోరిడాలో కొలిచిన ఒక గూడు సుమారు 20 అడుగుల లోతు ఉంది. బరువు రెండు టన్నులకు పైనే అని అంచనా.

అదే 1963లో అలాస్కా, హవాయి కాక మిగిలిన అమెరికాలో తెలిసిన జంటలు 417 మాత్రమే. వేట ఒక కారణం. పెద్ద కారణం డీడీటీ. పొలాల్లో, చిత్తడి నేలల్లో చల్లిన మందు నీళ్ళలోకి, చేపల్లోకి, గద్దలోకి చేరింది. గుడ్డు పెంకు పలచబడి, పొదగడానికి తల్లి కూర్చుంటేనే పగిలిపోయేది. 1972లో అక్కడ డీడీటీని నిషేధించారు.

నిషేధంతోనే పని అయిపోలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో గద్దలు దాదాపు లేకుండా పోతే, 1976 నుంచి వేరే రాష్ట్రాల పిల్లలను తెచ్చి, ఎత్తయిన మంచెల మీద పెంచారు. మనుషులకు అలవాటు పడకుండా, కనబడకుండా దాక్కుని ఆహారం అందించేవారు. 1977లో మిన్నెసోటా నుంచి అలా తెచ్చిన పిల్లల్లో ఒకటే ఇందాక చెప్పిన 38 ఏళ్ళ పక్షి. చాలా ఏళ్ళు ఒకే సరస్సు దగ్గర పిల్లలను పెంచి, 2015లో రోడ్డు పక్కన వాహనం తగిలి చనిపోయింది. ఆ గుడ్లను, పిల్లలను కాపాడినవారి పేర్లు ఏ కథలోనూ రావు. నా దృష్టిలో కొండెక్కి ముక్కు విరగ్గొట్టుకున్న గద్ద కంటే ఇదే గొప్ప సంగతి.

2007లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి దీన్ని తీసేశారు. 2019 నాటి లెక్కలో, అలాస్కా కాకుండానే, మూడు లక్షలకు పైగా పక్షులున్నట్టు అంచనా.

ఇప్పుడున్న బెడద సీసం. వేటగాళ్ళు వదిలేసిన జంతువుల అవశేషాల్లో ఉండే సీసపు తునకలు గద్దల కడుపులోకి పోతున్నాయి. పరీక్షించిన గద్దల్లో దాదాపు సగానికి దీర్ఘకాలంగా సీసం విషం ఎక్కుతున్నట్టు 2022లో ఒక పరిశోధన చెప్పింది. సీసానికి బదులు రాగి గుళ్ళు వాడితే సరిపోతుంది. కాలిఫోర్నియాలో 2019 నుంచి వేటకు సీసపు గుళ్ళు నిషేధం. చాలా రాష్ట్రాల్లో ఇంకా వాడుతూనే ఉన్నారు.

పిల్లలకు చెక్కులు అందించే వేళయింది. సెలవు.