రిపోర్టు ఇచ్చాక ఏం చేద్దాం?

 

పిల్లల చదువును కొలిచే పనికి మెల్‌బోర్న్ పెట్టింది పేరు. 1930లో మొదలైన ఆస్ట్రేలియన్ కౌన్సిల్ ఫర్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్ ఇక్కడిదే. పట్టభద్రులారా, ఆ విద్య మీకూ అబ్బింది. అందుకే మన పల్లెల్లో జరిగిన ఒక అధ్యయనం గురించి ఇవాళ మీకు చెప్పాలనుకున్నాను.

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాన్ని చేపట్టారు. కొన్ని బళ్లలో పిల్లలకు పరీక్ష పెట్టి, ఏది వచ్చిందో ఏది రాలేదో వివరంగా రాసి టీచర్ల చేతికిచ్చారు. పరిశీలకులు వెళ్లినప్పుడు ఆ టీచర్లు బాగానే కష్టపడుతూ కనిపించారు. ఏడాది చివరి పరీక్షలో మాత్రం, రిపోర్టు అందని బళ్ల పిల్లలకూ ఈ బళ్ల పిల్లలకూ తేడా లేదు.

మరికొన్ని బళ్లకు అవే రిపోర్టులిచ్చి, పిల్లలు మెరుగుపడితే బోనస్ ఇస్తామన్నారు. అది సగటున ఏడాది జీతంలో 3 శాతమే. రెండేళ్లలో ఆ పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ ముందుకొచ్చారు. టీచర్ల హాజరేమీ పెరగలేదు. మరి ఏం చేశారు? ఇంటిపని ఎక్కువిచ్చామన్నారు, బడి వదిలాక కూడా చెప్పామన్నారు, వెనకబడిన పిల్లల్ని ప్రత్యేకంగా పట్టించుకున్నామన్నారు. ఈ మూడో మాట దగ్గరే నా మనసు ఆగిపోతుంది. డబ్బు ఒక సాకు మాత్రమే. పిల్లలకు నిజంగా అందింది టీచరు సమయం.

ఆ సమయం ఎంత అవసరమో చూడండి. పిల్లల చదువును కొలిచే 2022 అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 20.5 శాతం. ఆ సర్వేలో వాలంటీరు ఇంటికే వెళ్లి, పిల్ల పక్కన కూర్చుని ఒక్క కాగితం చేతికిస్తాడు. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ. పిల్ల ఎక్కడ తడబడిందో అక్కడినుంచే పాఠం చెప్పాలి. బళ్లో అలా జరగదు. సిలబస్ పూర్తి చేయాలి కాబట్టి పాఠం ముందుకు పోతుంది, పిల్ల అక్కడే ఉండిపోతుంది. స్వచ్ఛంద సంస్థ ప్రథమ్ తరగతిని పక్కనపెట్టి, వచ్చినదాన్నిబట్టి పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టింది అందుకే.

మీలో కొందరు రేపు పాపువా న్యూగినీకో, శ్రీకాకుళానికో పరీక్ష పత్రాలు పట్టుకుని వెళ్తారు. ఫలితాలొచ్చాక పిల్ల పక్కన ఎవరు కూర్చుంటారు, ఏ వేళలో, వాళ్లకు జీతం ఎవరిస్తారు? ఆ పరీక్షల బడ్జెట్‌లో దీనికి జవాబు లేకపోతే దానిపై సంతకం పెట్టకండి. ఆ పద్దు రాసి తెమ్మని అడగండి.