ల్యాప్‌టాప్ చూపు – తలనొప్పి



అచ్చులో దొరకని ప్రాఁతగ్రంథములు నేఁడు ల్యాప్‌టాప్ తెరమీఁదఁ జదువుకొనుటకు లభించుచున్నవి. ఆ యాశతో నేనును దినమునకు నాలుగైదు గంటలు దానిముందుఁ గూర్చుండుచుంటిని. మాసము తిరుగకమునుపే సాయంకాలమగునప్పటికి నుదురు పగులునట్లు నొప్పి, కన్నులలో నిసుక పడినట్లు మంట. చూపు పోవుచున్నదేమో యని భయపడి చదువు మానితిని. ఆ పదిదినములు నాకుఁ గారాగృహవాసమే.

వైద్యుఁడు పరీక్షించి, దోషము కంటిది కాదు, సులోచనములదనెను. నలువదియేండ్లు దాటినవారికి దగ్గఱిచూపు తగ్గును గదా. అందులకై పెట్టుకొను సులోచనములు పుస్తకమునకుఁ దగినవి. అనఁగా జానెడున్నర దూరమునకు. తెర యుండవలసినదో, మూరకు మించి, రమారమి 24 అంగుళముల దూరమున. అచ్చట నక్షరములు మసకబాఱఁగా ముందునకు వంగుదుము. దూరపుఁజూపు, దగ్గఱిచూపు రెండును గల యద్దములైనచో, గడ్డమెత్తి క్రిందిభాగమునుండి చూతుము. మెడ పట్టును, ఆ నొప్పియే తలకెక్కును. తెరదూరము చెప్పి వేఱుగా సులోచనములు చేయించుకొంటిని. తలనొప్పి చాలవఱకుఁ దగ్గినది.

మంటకుఁ గారణము వేఱు. నిమిషమునకు నించుమించు 15 మాఱులు వాలు ఱెప్ప, తెర చూచునపుడు సగమునకుఁ దగ్గును, కంటితడి యాఱిపోవును. కావున 20 నిమిషములకొకసారి, 20 అడుగుల యవతలనున్న చెట్టునో గోపురమునో 20 సెకండ్లు చూచుచు ఱెప్పలు వాల్పవలయును. నీలికాంతి నాఁపునని యంగళ్లలో నమ్ము నద్దములకు ధనము వ్యయింపనక్కఱలేదు. వానివలనఁ గంటిబడలిక తగ్గినట్లు 2023లో వెలువడిన కాక్రేన్ సమీక్షలోఁ గానరాలేదు.

అయితే హఠాత్తుగాఁ దీవ్రమైన నొప్పి, కన్నెఱ్ఱబాఱుట, దీపముచుట్టు రంగులవలయములు, వాంతి కలిగినచో, దానిని తెరమీఁదికి నెట్టరాదు. అది గ్లాకోమా, అనఁగా నీటికాసులు, కావచ్చును. ఆనాఁడే కంటియాసుపత్రికిఁ బోవలయును.