చలి పొద్దున ఒక గిన్నె రాగి జావ



మార్గశిర మాసం వచ్చిందంటే మా సోమేనహళ్ళి చుట్టుపక్కల పొద్దున ఏడు గంటలైనా మంచు విడవదు. గుడిబండ కొండ తల కనిపించదు. పల్లెల నుంచి నడిచివచ్చే పిల్లలు చేతులు చంకల్లో పెట్టుకుని, ముక్కులు ఎగబీలుస్తూ ప్రార్థన వరుసలో నిలబడతారు. ఈ చలిలో ఆ పిల్లల కడుపులో ఏముంది? ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే. దానికొక ఉపాయం కూడా చెబుతాను. మిరియాలు, శొంఠి, ఏలక్కాయ వేసి, పిల్లల కోసం కాస్త కోకో పొడి కలిపిన వేడి వేడి రాగి జావ.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

నేను కన్నడ, తెలుగు రెండు భాషలూ మాట్లాడే పిల్లలకు పాఠాలు చెప్పే టీచరును. ఒక ఏడాది చలికాలంలో, మంచి ఆహారం అనే పాఠం చెబుతూ, పొద్దున ఏం తినాలో నల్లబల్ల మీద వ్రాశాను. పాలు, గుడ్డు, ఇడ్లీ, రొట్టె, ఓట్స్ అని వ్రాశాను. రాగి అనే మాట వ్రాయలేదు. మరచిపోయానంటే అబద్ధమవుతుంది. రాగి ఇంట్లో తినేదే కదా, పాఠంలో చెప్పేదేముంది అనుకున్నాను. మరునాటి నుంచి రోజూ ఒక్కొక్కరినీ లేపి, ఏం తిని వచ్చారని అడిగేదాన్ని.

ఒక పాప ఉండేది. రెండో పీరియడుకే కళ్ళు మూతలు పడేవి. రెండు మూడు సార్లు కోప్పడ్డాను. ఏం తిన్నావమ్మా అని అడిగితే, "ఓట్స్ తిన్నాను మిస్" అని గట్టిగా చెప్పేది. ఒకరోజు ప్రార్థన వరుసలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తల్లి తెల్లవారక ముందే పూలు కోసే కూలికి పోతుంది. పాప ఒక లోటా టీ తాగి బడికి వస్తుంది. ఓట్స్ అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆ తల్లి నాతో అన్న మాట ఇది: "రాగి అంబలి చేసిపెట్టే పోతాను మిస్. అది తాగితే బడిలో అందరూ నగతారంట, ముట్టదు."

శ్రోతలారా, ఆ నవ్వుకు విత్తనం వేసింది నా నల్లబల్లే. ఇంటి ముందు రాగి కుప్ప పెట్టుకుని, ఆ పిల్ల టీ నీళ్ళతో బడికి వచ్చింది.

ఇప్పుడు రాగి సంగతి చూద్దాం. ఓట్స్‌ను నేను తక్కువ చేయడం లేదు. మాంసకృత్తులు రాగిలో కంటే ఓట్స్‌లోనే ఎక్కువ. కానీ మన దేశంలో ఓట్స్‌ను ఎక్కువగా పశువుల మేత కోసమే పండిస్తారు. మనం తినేది పొట్లంలో కొనాలి. రాగి మన చేనిది. నవంబరు, డిసెంబరు నెలల్లో మన తారురోడ్ల మీద రాగి వెన్నులు పరిచి ఉంటాయి, బండ్లు వాటి మీద నడుస్తుంటాయి. 100 గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మరే ధాన్యంలోనూ ఇంత లేదు. ఎదిగే పిల్లల ఎముకలకు కావలసింది అదే. మండ్య వి.సి. ఫారంలో రాగి లక్ష్మణయ్యగారు మన రాగిని ఆఫ్రికా రాగితో సంకరం చేసి ఇండాఫ్ రకాలు తీసిన తరువాత కర్ణాటకలో దిగుబడులు బాగా పెరిగాయి. పండించడంలో మనం వెనకబడలేదు. తినడానికే సిగ్గుపడుతున్నాము.

రాగిని మొలకెత్తించి వాడుకుంటే మరీ మంచిది. రాగిలోని ఇనుమును ఒంటికి పట్టకుండా అడ్డుకునే పదార్థాలు మొలకెత్తినప్పుడు తగ్గుతాయి. జావ కూడా పలచగా, తేలికగా అరిగేలా వస్తుంది. రాగులు కడిగి ఒక రాత్రి నానబెట్టండి. నీళ్ళు వంపి తడిగుడ్డలో మూటకట్టండి. ఎండాకాలమైతే ఒక రోజుకే మొలక వస్తుంది. ఈ చలికి రెండు రోజులు పడుతుంది, మూటను పొయ్యి దగ్గర వెచ్చగా ఉంచండి. మొలకలు వచ్చాక నీడన బాగా ఆరబెట్టి, దోరగా వేయించి, మరపట్టించండి. తడి లేని డబ్బాలో పోసుకుంటే నెల రోజులు వస్తుంది. అంత తీరిక లేకపోతే ఇంట్లో ఉన్న మామూలు రాగి పిండే వాడుకోండి, నీళ్ళు ఇంకొక గ్లాసు ఎక్కువ పోయండి.

ఇక జావ చేసే విధానం. నలుగురికి లెక్క చెబుతాను. కాగితం, పెన్సిలు దగ్గర ఉంటే వ్రాసుకోండి.

ఒక టీ గ్లాసు రాగి పిండి, అంటే సుమారు 80 గ్రాములు. అందులో రెండు చిన్న చెంచాల కోకో పొడి పొడిగానే కలపండి. తియ్యని చాక్లెట్ పొడి కాదు, చేదుగా ఉండే ఉత్త కోకో. ఒక గ్లాసు చన్నీళ్ళు పోసి ఉండలు లేకుండా కలిపి పక్కన పెట్టండి. వేడినీళ్ళలో పిండి వేస్తే ఉండలు కట్టక మానదు. నాలుగు మిరియాలు, రెండు ఏలక్కాయలు, చిటికెడు శొంఠి, చిన్న దాల్చిన చెక్క ముక్క దంచుకోండి. నాలుగు గ్లాసుల నీళ్ళు మరగబెట్టి ఈ పొడి, చిటికెడు ఉప్పు వేయండి. పొయ్యి మంట తగ్గించి, కలిపి పెట్టుకున్న పిండి పోస్తూ గరిటెతో తిప్పుతూ ఉండండి. ఎనిమిది, పది నిమిషాలకు పచ్చివాసన పోయి జావ మీద మెరుపు వస్తుంది. అప్పుడు రెండు గ్లాసుల కాచిన పాలు పోసి ఒక పొంగు రానిచ్చి దించండి. బెల్లాన్ని విడిగా కొంచెం నీళ్ళలో కరగబెట్టి, వడగట్టి, జావ కాస్త చల్లారాకే కలపండి. మరిగే పాలలో బెల్లం వేస్తే పాలు విరిగిపోతాయి. పైన వేయించిన వేరుశనగ పప్పుల పొడి ఒక చెంచా చల్లితే బలానికి బలం, రుచికి రుచి. పాలు లేని రోజు ఈ వేరుశనగ పొడే కాస్త ఎక్కువ వేసుకోండి.

రాగి జావలో కోకో ఏమిటి, ఇదేమి వింత అని పెద్దవాళ్ళు అనవచ్చు. మెక్సికో దేశంలో చలి పొద్దుల్లో చంపురాదో అని ఒక జావ తాగుతారు. మొక్కజొన్న పిండి, చాక్లెట్, దాల్చిన చెక్క, మన బెల్లం వంటి అచ్చు బెల్లం కలిపి కాస్తారు. చాక్లెట్‌ను ఆ దేశాల్లో మొదట తాగింది బిళ్ళగా కాదు, మసాలా వేసిన పానీయంగానే. ఇక కోకో మనకు మరీ దూరపు పంట కూడా కాదు. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో పండుతుంది. దక్షిణ కన్నడలోని పుత్తూరులో క్యాంప్కో సహకార సంఘం చాక్లెట్ కర్మాగారం 1986లోనే మొదలైంది. రాగి మాత్రం వేల ఏళ్ళ క్రితం ఆఫ్రికా నుంచి వచ్చి మనదైపోయింది. అయినా కోకో లేకపోతే నష్టం లేదు. పిల్లను గిన్నె దగ్గర కూర్చోబెట్టడానికి అదొక సాకు మాత్రమే. బలం రాగిది.

కొన్ని జాగ్రత్తలు. జావతో పాటు టీ, కాఫీ ఇవ్వకండి. అవి ఇనుమును పట్టనివ్వవు. కోకోకు కూడా కొంత ఆ గుణం ఉంది, అందుకే రెండు చెంచాలు దాటవద్దన్నాను. జావ తరువాత ఒక జామపండు ముక్కో, ఉసిరికాయో తినిపిస్తే ఇనుము బాగా పడుతుంది. ఈ కాలంలో రెండూ మన సంతల్లో దొరుకుతాయి. రెండేళ్ళ లోపు పిల్లలకు కోకో, బెల్లం వద్దు, ఉత్త రాగి సరి చాలు. చక్కెర జబ్బు ఉన్నవారు రాగి కదా అని బెల్లం జావ తాగకూడదు. పలచటి జావ రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది.

మన రాష్ట్రంలో బడిపిల్లలకు పాలు ఇచ్చే క్షీరభాగ్య పథకం 2013లో వచ్చింది. ఆ పాలలో రాగి మాల్టు కలిపి వారంలో మూడు రోజులు ఇచ్చే ఏర్పాటు 2024 ఫిబ్రవరిలో మొదలైంది. అందులో చేయి కలిపిన సత్యసాయి అన్నపూర్ణ ట్రస్టు మన జిల్లాలోని ముద్దేనహళ్ళిది. సంతోషించవలసిన సంగతే. కానీ మిగిలిన పొద్దులు ఇంటివి. రాత్రే పిండి, మసాలా పొడి, బెల్లం కొలిచి పెట్టుకుంటే, పొద్దున కూలికి పోయే తల్లికి పావుగంట పని. జావను మూతగిన్నెలో పోసి గుడ్డ చుట్టి ఉంచితే పాప లేచేసరికి వెచ్చగానే ఉంటుంది.

నా పాపకు ఆ శనివారం మా ఇంటి నుంచి ఈ జావ తీసుకుపోయాను. వాసన చూసి, "ఇది ఓట్సా మిస్?" అని అడిగింది. "కాదమ్మా, మీ చేని రాగులే" అన్నాను. రెండు గిన్నెలు తాగింది.

అప్పటి నుంచి తరగతిలో ఎవరినీ లేపి ఏం తిన్నారని అడగడం మానుకున్నాను. చలికాలంలో పాఠం మొదలుపెట్టే ముందు, "నేను ఈ పొద్దు రాగి జావ తాగి వచ్చాను" అని నేనే చెబుతాను. కాసేపటికి ఒక చేయి లేస్తుంది, "నేనూ మిస్" అని. తరువాత ఇంకొకటి లేస్తుంది.

అక్కలారా, అన్నలారా, రేపు పొద్దున మీ ఇంట్లోనూ ఒకసారి కాచి చూడండి. పిల్లలతో కూర్చుని మీరూ ఒక గిన్నె తాగండి.