గోధుమ పిండి లేని పిజ్జా రోల్స్



ఈ వేళ నేను చెప్పబోయే వంటకం పేరు వింటే మీలో కొందరు నవ్వుకుంటారేమో. పిజ్జా రోల్స్! మరిపెడ బంగ్లాలో వుండే ఆమెకు పిజ్జాతో పనేమిటని మీరనుకుంటే అందులో తప్పు లేదు. వరంగల్ నుంచి ఖమ్మం పోయే బస్సెక్కితే నడుమ తగిలే వూరు మాది. మా చుట్టుపక్కల పండేది మిరప. అయినా మొన్న ఎండాకాలం సెలవుల్లో నాకు ఈ వంట నేర్చుకోక తప్పింది కాదు.

మా అక్క మనవరాలికి తొమ్మిదేళ్ళు. ఆ పిల్లకు మూడేళ్ళుగా ఎదుగుదల లేదు. పొట్ట ఉబ్బి వుండేది, కాళ్ళూ చేతులూ పుల్లల్లా వుండేవి. ఎప్పుడు చూసినా విరేచనాలు, రక్తం తక్కువ. టానిక్కులు తాగించారు, పురుగుల మందు వేశారు, మా అక్క తాయెత్తు కూడా కట్టించింది. చివరకు ఒక డాక్టరమ్మగారు రక్త పరీక్ష చేయించి, ఆ పైన గొట్టం వేసి చిన్న పేగు నుంచి పిసరంత ముక్క తీసి పరీక్ష చేయించి, ఇది సీలియాక్ అనే జబ్బు అని తేల్చారు. దీనికి మందూ మాకూ లేదు. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలు జన్మంతా ముట్టకుండా వుండడమే వైద్యం.

గోధుమలో గ్లూటెన్ అనే పదార్థం వుంటుంది. చపాతీ పిండి ముద్దను కుళాయి కింద పెట్టి పిసికి పిసికి కడగండి. తెల్లని గంజి అంతా పోయి చివరకు రబ్బరులాంటి ముద్ద ఒకటి చేతిలో మిగులుతుంది. అదే గ్లూటెన్. చపాతీ సాగేదీ, బ్రెడ్డు పొంగేదీ దాని చలవే. ఈ జబ్బున్న వారికి మాత్రం అది లోపలికి పోతే శరీరం తన పేగు మీద తానే యుద్ధానికి దిగుతుంది. తిన్నది వంటబట్టదు. గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిలో సుమారు నూటికి ఒకరికి ఇది వుంటుందట. మన దక్షిణాదిన చాలా తక్కువ. అందుకే మన వైపు చప్పున ఎవరికీ అనుమానం రాదు.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి, మరిచిపోతాను. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి అనుమానం వస్తే ముందుగానే గోధుమ మాన్పించకండి. మానేశాక పరీక్ష చేస్తే జబ్బు వున్నా లేనట్టే రావచ్చు. ముందు పరీక్ష, తర్వాతే పథ్యం.

ఈ సంగతి కనిపెట్టిన కథ నాకు వింతగా తోచింది. హాలెండు దేశంలో విల్లెం డికీ అని పిల్లల డాక్టరు వుండేవారు. ఆయనకు గోధుమ మీద ముందు నుంచే అనుమానం. 1944–45 చలికాలంలో యుద్ధం వల్ల ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చి రొట్టె దొరకలేదు. అందరూ చిక్కి శల్యమవుతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం కాస్త తేరుకున్నారు. మళ్ళీ రొట్టె రాగానే జబ్బు తిరగబెట్టింది. 1950లో ఆయన తన సిద్ధాంత గ్రంథంలో ఈ గోధుమ సంగతి రాశారు.

ఇక మా పిల్ల సంగతి. సెలవులకు మా ఇంటికి వచ్చింది. పక్క వీధిలో ఒక పాప పుట్టినరోజని పిలిచారు, పంపించాను. కేకు, సమోసాలు, పట్నం నుంచి తెప్పించిన పిజ్జా రోల్స్ పెట్టారట. మా దానికి ఒక అరటిపండు ఇచ్చారు. వాళ్ళ తప్పు లేదు, నేనే ముందుగా చెప్పి పంపాను. ఇంటికి వచ్చి ఏడవనూ లేదు, అలగనూ లేదు. రాత్రి పడుకోబోతూ, "చిన్నమ్మమ్మా, పిజ్జా రోల్ లోపల ఏముంటది?" అని అడిగింది. చేసిపెట్టమని కూడా అడగలేదు చూశారా! నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున వాకబు చేస్తే తెలిసింది, ఇది ఇటలీ వంట కానే కాదట! అమెరికాలో జెనో పాలూచీ అని, తల్లిదండ్రులు ఇటలీ నుంచి వలస వచ్చినవారు, ఆయన మాత్రం చైనా వంటకాలు డబ్బాల్లో అమ్మేవాడు. 1960ల చివర చైనావాళ్ళ ఎగ్‌రోల్ రేకులో పిజ్జా కూర కూరి అమ్మాడు. ఆయన చైనా రేకు వాడగా లేనిది మనం తెలంగాణ రేకు వాడితే ఏం పోయింది? మన దగ్గర జొన్నరొట్టె వుంది, సర్వపిండి వుంది. వాటిలో గోధుమ పొడ కూడా లేదు.

ధైర్యం చేసి మొదటి రోజు ఒట్టి జొన్నపిండితో చేశాను. చుట్టబోతే ప్రతి రేకూ నడిమికి విరిగింది. గ్లూటెన్ లేదు కదా, సాగదు. కూరా ముక్కలూ కలిపి గిన్నెలో వేసిస్తే పాపం చెంచాతో తిన్నది. నాలుగోసారికి గాని కుదరలేదు. కుదిరిన లెక్క చెబుతాను, రాసుకోండి.

బియ్యపు పిండి ఒక కప్పు, జొన్నపిండి అరకప్పు, ఉడికించిన చిన్న ఆలుగడ్డ ఒకటి, ఇసబ్‌గోల్ పొట్టు ఒక పెద్ద చెంచా, తగినంత ఉప్పు, ఒక చెంచా నూనె. ఇసబ్‌గోల్ మందుల షాపులో దొరుకుతుంది. అది నీళ్ళు పీల్చి జిగురుగా అవుతుంది, గ్లూటెన్ చేసే పని కొంత చేస్తుంది. ఒకటిన్నర కప్పుల నీళ్ళలో ఉప్పూ నూనే వేసి తెర్ల కాగనివ్వండి. స్టవ్ ఆర్పి రెండు పిండులూ పోసి గరిటె కాడతో కలిపి మూత పెట్టండి. పది నిమిషాలయ్యాక, వేడి తగ్గీ తగ్గక ముందే, మెదిపిన ఆలుగడ్డా ఇసబ్‌గోలూ వేసి తడిచేత్తో బాగా మర్దించాలి. గట్టిగా వుంటే గోరువెచ్చని నీళ్ళు చిలకరించండి. చల్లారిన పిండి పగులుతుంది, అందుకని తడిబట్ట కప్పి వుంచాలి.

లోపలి కూర ముందు రోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మరీ మంచిది. నూనెలో ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఉల్లిగడ్డ సన్నగా తరిగి వేయించి, నాలుగు పండు టమాటాలు వేసి నీరంతా ఇంకి ముద్దయ్యే దాకా వుడికించాలి. ఇక్కడ తొందర పనికిరాదు. నీరు మిగిలితే రేకు నానిపోతుంది. ఉప్పు, చిటికెడు చక్కెర, దంచిన ఎండుమిరపకాయ, చిన్న ముక్కలు చేసిన బెంగళూరు మిరప ఒకటి. వాళ్ళు ఒరిగానో అనే ఆకు వేస్తారు. మన వాము నలిపి వేస్తే దాదాపు అదే వాసన వస్తుంది. వాములో వుండే థైమాల్ అనే నూనె పదార్థం ఒరిగానోలో కూడా వుందట. పెరట్లో వామాకు వుంటే ఇంకా మంచిది. దించి చల్లారాక ఇంట్లో పాలు విరిచి చేసిన పనీరు ఒక కప్పు, తురిమిన చీజ్ మూడు చెంచాలు కలపండి.

నిమ్మకాయంత పిండి తీసుకుని నూనె రాసిన రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పూరీ అంత వత్తండి. అంచు నుంచి రెండు వేళ్ళ దూరంలో కూర పెట్టి, కాగితంతోనే లేపుతూ చుట్టి, అంచులు తడిచేసి నొక్కాలి. వీటిని నేరుగా పెనం మీద వేస్తే పగులుతాయి. ముందు ఇడ్లీ పాత్రలో ఎనిమిది నిమిషాలు ఆవిరి పట్టించి, కాస్త ఆరనిచ్చి, అప్పుడు పెనం మీద నూనె వేసి అన్ని వైపులా ఎర్రగా కాల్చండి. పైన కరకర, లోపల మెత్తన. ఓవెను అక్కర లేదు. పది పన్నెండు అవుతాయి.

ఇంత చేసీ నేను ఒక తప్పు చేశాను. సెలవులు అయిపోవచ్చే రోజుల్లో పప్పులో పోపు పెడుతూ అలవాటు కొద్దీ ఇంగువ వేశాను. మర్నాటికి పిల్లకు కడుపునొప్పి, విరేచనాలు. ఏమి తిన్నదా అని వంటిల్లంతా వెతికాను. ఇంగువ డబ్బా మీద సన్నని అక్షరాల్లో గోధుమ పిండి అని వుంది! అచ్చమైన ఇంగువ ఘాటు ఎక్కువ గనుక పిండి కలిపి అమ్ముతారు. బియ్యపు పిండి కలిపినవీ దొరుకుతాయి, చూసి కొనాలి. అట్లాగే బొంబాయి రవ్వ, సేమియా గోధుమవే. ఇడ్లీ రవ్వ బియ్యానిది, భయం లేదు. జ్వరం వస్తే మనం ప్రేమగా కాచి ఇచ్చే బార్లీ నీళ్ళు కూడదు. పాలలో కలిపే మాల్టు పొడులు, సోయా సాసు పొట్లం చదవకుండా వాడకూడదు. డబ్బా మీద గ్లూటెన్ రహితం అని రాయాలంటే మన దేశంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ వుండకూడదని నియమం.

పిండి గిర్ని సంగతి అడగనే వద్దు. మన జొన్నలకు ముందు ఎవరివో గోధుమలు పట్టి వుంటారు. గిర్నిలో మిగిలిన ఆ పిండి మన సంచిలోకి వస్తుంది. నేనయితే బియ్యం కడిగి నానబెట్టి నీడన ఆరబోసి, అరిసెలకు చేసినట్టే, మిక్సీలో పట్టి జల్లిస్తాను. జొన్నలు పళ్ళెంలో పోసి గోధుమ గింజలు ఏరి మిక్సీలోనే పడతాను. జల్లెడ, పీట, అప్పడాల కర్ర, పెనం ఆ పిల్లకు వేరుగా పెట్టాను. పూరీలు వేయించిన నూనె వాడను.

మా అక్కకు ఇదంతా చాదస్తంగా తోచింది. "రవ్వంత ప్రసాదం పెడితే ఏమవుతదే, దేవుని మీద భారం వేసి పెట్టు" అంటుంది. ఆమె ప్రేమ నాకు తెలియనిది కాదు. కాని రవ్వంత అయినా పేగుకు గోధుమే. రవ్వకేసరి బదులు పరమాన్నం వండమని, కొబ్బరీ బెల్లం పెట్టమని బతిమాలి ఒప్పించాను.

బడి తెరిచాక పిల్ల డబ్బాలో వారానికోసారి ఈ రోల్స్ పెడుతున్నారు. ఆవిరి పట్టిన వరకు ముందు రాత్రి చేసి ఫ్రిజ్‌లో దాచి, పొద్దున పెనం మీద కాలిస్తే సరిపోతుంది. పక్కన కూచునే పిల్లలు అడిగి తీసుకుంటున్నారని, అందుకని రెండు ఎక్కువ చేయమని మా అక్క కూతురు మొన్న ఫోనులో చెప్పింది. "చిన్నమ్మా, బెంగళూరు మిరప మాత్రం ఏరి పక్కన పెడుతున్నది" అని కూడా అంది. ఈ సారి దాని బదులు లేత మక్కజొన్న గింజలు ఉడికించి వేయమన్నాను.