కార్నిష్‌లో ఒక శుక్రవారం

 

రాస్ లఫాన్ నుంచి దోహా 80 కిలోమీటర్లే. అయినా మా స్కఫోల్డింగ్ గ్యాంగులో జగిత్యాల తమ్ముడొకడు నాలుగేళ్లలో కార్నిష్ చూడలేదు. క్యాంపు, బస్సు, సైటు, అంతే. "మనలాంటోళ్లని రానిస్తరా సార్?" అని అడిగిండు. మనసుకి కష్టమనిపించింది. ఒక శుక్రవారం తీసుకెళ్లాను.

సముద్రం ఒడ్డున నెలవంకలా వంగిన ఏడు కిలోమీటర్ల దారి. టికెట్ లేదు. మమ్మల్ని ఎవరూ ఆపలేదు. ముత్యపు చిప్ప బొమ్మ దగ్గర ఫోటోలు దిగాం. ఆయిలు, గ్యాసు రాకముందు ఇక్కడ ముత్యాలే బతుకుతెరువు. ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగిన ఆ కూలీల్లో చాలామంది అప్పుల్లో ఉన్నవాళ్లే. మన ఏజెంటు అప్పులు గుర్తొచ్చాయి.

చీకటి పడ్డాక ఎదురుగా వెస్ట్ బే టవర్లన్నీ వెలిగాయి. తమ్ముడు ఇంటికి వీడియో కాల్ చేశాడు. "ఇండ్ల నువ్వు కట్టింది ఏది బిడ్డా?" అని అడిగింది వాళ్లమ్మ. వాడు నోరు మెదపలేదు. మన ప్లాంట్లలో ఫోటో తీయనివ్వరు, ఏం చూపిస్తాడు? నేనే ఫోను తీసుకుని చెప్పా: "అమ్మా, ఈ దేశానికొచ్చే కరెంటులో, నీళ్లలో కొంత మా రాస్ లఫాన్ నుంచే. అక్కడ మీవాడు కట్టిన స్కఫోల్డింగ్ ఎక్కే మిగతావాళ్లు పని చేసేది."

సెలవు రోజు ఒక్కసారి వెళ్లండి. ఎండ తగ్గాక బయల్దేరండి. ఐడీ కార్డు, నీళ్ల సీసా మర్చిపోవద్దు. ఇంటికి ఫోన్ చేసి ఆ లైట్లు చూపించండి.