పసివాని ముద్ద
(తలిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయుడు గావించిన ప్రసంగము)



చదువును గూర్చి మాటలాడుటకు కూడిన ఈ సభలో, ఇంకను బడికి రాని పసివారి తిండిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇది అప్రస్తుతమని తలపవలదు. తల్లి గర్భమున బడిన నాటినుండి రెండవ యేడు నిండువరకు గల వేయి దినములలోనే బిడ్డ మెదడునకును, ఒడలికిని పునాది పడుచున్నది. అది బలహీనమైనచో ఆరవ యేట మేము చేయగలిగినది స్వల్పము.

ఐదవ తరగతి బాలిక యొకతె తరచుగా బడి మానుట చూచి, ఒకనాడు వారింటికి పోయితిని. మన షోలాపురపు ఇండ్లు మీరెరిగినవే. తండ్రి మరమగ్గము పనికి పోయియుండెను. తల్లి చాట ముందిడుకొని బీడీలు చుట్టుచుండెను. ఆ బాలిక పది నెలల తమ్ముని ఒడిలో నుంచుకొని, చాయలో ముంచిన బిస్కట్టు తినిపించుచుండెను. "కడుపు నిండింది సారూ, ఇగ ఏడ్వడు" అని తల్లి తృప్తితో పలికెను.

ఆ తల్లికి ప్రేమ తక్కువ కాదు, తీరిక తక్కువ. నేను మాత్రము ఎరిగినవాడనా? నా బిడ్డలకు పప్పుతేటయే శ్రేష్ఠమని నమ్మి పెట్టినవాడనే. కాని కడుపు నిండుట వేరు, ఒడలు పెరుగుట వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 6 నుండి 23 నెలల పిల్లలలో చాలినంత మంచి ఆహారము పొందుచున్నవారు నూటికి 11 మంది మాత్రమే. ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత కలదు.

ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీరైనను అక్కరలేదు. పిదప తల్లిపాలు రెండేండ్లు దాటువరకు ఇచ్చుచునే, అన్నము మొదలిడవలయును. పుట్టుకతో వచ్చిన ఇనుము నిలువ అప్పటికి తరిగిపోవును. పాలలోని ఇనుము చాలదు. కాన అన్నప్రాశన ముహూర్తమునకై నెలలు గడపవలదు. పసివాని పొట్ట చిన్నది. దానిని తేటతో, గంజితో నింపినచో బలమునకు చోటెక్కడ? చెంచానుండి జారనంత చిక్కగా ఉండవలయును.

వైద్యులు ఆహారమును ఎనిమిది విధములుగా విభజించిరి: తల్లిపాలు; ధాన్యములు, దుంపలు; పప్పులు, గింజలు; పాలు, పెరుగు; మాంసము, చేపలు; గ్రుడ్లు; ఆకుకూరలు, గుమ్మడి, బొప్పాయి వంటివి; ఇతరములైన కూరలు, పండ్లు. దినమునకు వీనిలో ఐదైనను బిడ్డకు అందవలయును. ఇది పేదవారికి అసాధ్యమా? జొన్నరొట్టెను పాలకూర పప్పులో మెత్తగా మెదిపి, చెంచాడు నూనె చేర్చి, ఉడికిన గ్రుడ్డు చిదిమి పెట్టుడు. తల్లిపాలతో కలిసి ఐదును కుదిరినవి! గ్రుడ్డు తినని ఇండ్లలో పెరుగు చేర్చుడు. పల్లీలు మన ఇండ్లలో ఎప్పుడు నుండును గదా. వానిని మెత్తగా పొడిచేసి కలుపుడు. పలుకు పలుకుగా పెట్టినచో గొంతున అడ్డుపడును.

ఐదు రూపాయల బిస్కట్టు పొట్లములు దినమునకు రెండు కొన్నచో పది రూపాయలు. ఆ సొమ్ముతో ఒక గ్రుడ్డు వచ్చును. చాయయో, తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనీయదు.

ఇక తీరిక సంగతి. సోదరులారా, ఇది తల్లి యొక్కతె పని కాదు. పాళీకి పోవుటకు ముందో, వచ్చిన పిదపనో ఒక పూట బిడ్డకు మీరు తినిపింపుడు. అక్కకు అప్పగించి ఆమె చదువు చెరుపవలదు. తల్లులారా, పొగాకు ముట్టిన చేతులను సబ్బుతో కడుగకుండ ముద్ద కలుపవలదు. 1975లో ఆరంభమైన అంగన్‌వాడీ పథకము క్రింద మూడేండ్లలోపు పిల్లలకు ఇంటికిచ్చు ఆహారమును తప్పక తెచ్చుకొనుడు. అది ఇంటిల్లిపాదికి పంచునది కాదు, పసివానిది. నెల నెల బిడ్డను తూకము వేయింపుడు.

నేటి రాత్రి వడ్డించునపుడు పప్పుతేట పెద్దల పళ్లెమున పోసి, అడుగునున్న చిక్కని ముద్ద పసివానికి పెట్టుడు. అట్లు పెంచిన బిడ్డను ఆరవ యేట మాకు అప్పగింపుడు. చదువు చెప్పు భారము మాది.